జోకు కంటే ముందొచ్చిన నవ్వు

డీన్ గది తలుపు సబ్బు మాస్టారు తట్టలేదు, తోశారు.

"మేడమ్, ఏమిటిది?" చేతిలోని ఫోను ఆమె బల్ల మీద పెట్టి, తెర మీది ఉత్తరాన్ని వేలితో పొడిచారు. "ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి. నాకు పాఠం చెప్పడం వచ్చో రాదో ఇప్పుడెవరో వచ్చి చూస్తారా?"

"కూర్చోండి మాస్టారూ."

"కూర్చోను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే."

"అయితే నిలబడే వినండి." డీన్ కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుంది. "మన కాలేజీకి గుర్తింపు ఇచ్చే సంఘం ఈసారి డిగ్రీల సంగతి అడగలేదు. బోధనలో సర్టిఫికెట్ ఎంతమందికుంది అని అడిగింది. మనం ముప్ఫై ఒక్కరం. ఇరవై తొమ్మిది మంది తీసుకున్నారు. ఒకాయన వచ్చే నెల రిటైరవుతున్నాడు. మిగిలింది మీరు."

"నాకు డాక్టరేట్ ఉంది. తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీ నడిపాను."

"ఫ్యాక్టరీ నడపడం మీకొచ్చని దానివల్ల తెలుస్తుంది. నేర్పడం వచ్చని దేనివల్ల తెలుస్తుంది?"

మాస్టారు ఫోను తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఐదు వారాలు టైముంది," అంది డీన్. "ఐదో శుక్రవారం సాయంత్రానికి సర్టిఫికెట్ రాకపోతే, వచ్చే టర్మ్ నుంచి ఆపరేషన్స్ కోర్సు చిన్నసారుకి."

ఈసారి మాస్టారు కూర్చున్నారు.

ఫ్యాక్టరీ కానీ, ఆసుపత్రి కానీ, హోటల్ కానీ, పని ఎక్కడా ఆగకుండా ఎలా నడపాలో చెప్పేది ఆపరేషన్స్ కోర్సు. ఈ బిజినెస్ స్కూల్లో దాన్ని మొదలుపెట్టిందే ఆయన. తను పనిచేసిన సబ్బుల ఫ్యాక్టరీ కథలు చెప్పీ చెప్పీ సబ్బు మాస్టారయ్యారు. ఆ పేరు వెనకాల వినబడితే ఆయన మీసాల్లోనే నవ్వుకునేవారు. అదే విభాగంలో కొత్తగా చేరిన చిన్నసారుకి ముప్ఫై నాలుగేళ్లు. మంచివాడే. అదే మాస్టారికి ఇంకా మంట.

"మరి నాకేం ఇస్తారు?"

"పూర్వ విద్యార్థుల విభాగం. కింద పార్కింగ్ పక్కన గది."

"పార్కింగ్ పక్కనా!"

"కిటికీ ఉంది మాస్టారూ," అంది డీన్, ఓదార్పుగా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ముఖం చూడగానే మరదలికి సంగతి అర్థమైపోయింది. ఆమె డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. బుధవారం ఆఖరి క్లాసు అక్కగారి వీధిలోనే ముగించుకుని, భోజనానికి వచ్చేస్తుంది.

"ఏం బావా, ముఖం రివర్స్ గేర్లో ఉంది?"

మాస్టారు చెప్పారు. మరదలు పొలమారేదాకా నవ్వింది. మాస్టారి భార్య చెల్లెలి నెత్తి మీద తట్టి, నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. కళ్లజోళ్ల షాపులో పొద్దుటినుంచీ నిలబడి వచ్చిన మనిషి, ఆమెకు ఇంట్లో గొడవలు గిట్టవు.

"ఇరవై రెండేళ్లుగా లైసెన్సు లేకుండా నేర్పుతున్నావా? మా లైన్లో అయితే లోపలేస్తారు బావా."

"నీకుందేమిటి లైసెన్సు?"

"ఒకటి కాదు, రెండు. నడపడానికొకటి, నేర్పడానికొకటి. మొదటిదాంతో పదేళ్లు నడిపి, ఆ పొగరుతో రెండోదానికి వెళ్లి రెండుసార్లు తప్పాను."

"నువ్వా? కళ్లు మూసుకుని నడుపుతావు నువ్వు."

"అందుకే తప్పాను. పక్కన కూర్చుని నేర్చుకుంటున్న పెద్దాయన తప్పు చేసేలోపే నా కాలు బ్రేకు మీదికి పోయేది. నా వైపు కూడా ఓ బ్రేకుంటుంది కదా. పరీక్ష పెట్టినాయన దిగి ఏమన్నాడో తెలుసా? 'అమ్మా, ఇవాళ కారు నడిపింది నువ్వే. పాపం ఆయన ఊరికే స్టీరింగు పట్టుకున్నాడు' అన్నాడు."

"కారు వేరు, క్లాసు వేరు."

"అవును. క్లాసులో గుద్దితే చప్పుడు రాదు."

"ఇంక చాలు, ఆయన్ని తిననివ్వవే," అంది భార్య.

"నీ మొగుణ్ణి నేనేమన్నానే అక్కా? లైసెన్సు తెచ్చుకోమన్నాను, అంతేగా!"

సర్టిఫికెట్‌కి రెండే పనులు. మొదటిది, తన క్లాసులు మూడు వీడియో తీయించుకుని, తనే చూసి, ఏ నిమిషంలో ఎవరు మాట్లాడారో పట్టీ రాసి పంపాలి. రెండోది, ఒక పరిశీలకుడు వచ్చి ఒక క్లాసు చూస్తాడు. మాస్టారు మూడు వారాలు ఇవాళా రేపూ అని నెట్టి, నాలుగో శనివారం మధ్యాహ్నం కాఫీ పెట్టుకుని లాప్‌టాప్ తెరిచారు.

మొదట ముచ్చటేసింది. మనిషి బాగానే ఉన్నాడు. గొంతు ఖంగుమంటోంది. బోర్డు వైపు తిరిగినప్పుడు నడినెత్తిన ఒక రూపాయి బిళ్ల మెరిసింది కానీ, అది కెమెరా లోపమని సరిపెట్టుకున్నారు.

తర్వాత పట్టీ రాశారు. గంట క్లాసులో మాస్టారు యాభై మూడు నిమిషాలు. కుర్చీల చప్పుడు, హాజరు, ప్రొజెక్టరు వెలగకపోవడం నాలుగు నిమిషాలు. విద్యార్థులంతా కలిపి మూడు.

లెక్క తప్పిందనుకుని మళ్లీ చూశారు. ఈసారి విద్యార్థులకు రెండున్నరే వచ్చింది.

"మీరే మేనేజరైతే ఏం చేస్తారు?" అని తెర మీది మాస్టారు గంభీరంగా అడిగారు. ఎంతసేపు ఆగారో రాయమంది పట్టీ. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి పట్టుకున్నారు. ఒకటింబావు సెకను. ఆ వెంటనే "యంత్రాల లైన్ ఆపాలి!" అని తనే చెప్పేసుకున్నారు. తనకేమో ఆ ఆగడం చాలాసేపని గుర్తు. కాఫీ చల్లారింది.

సరే, ముందు సబ్బు ఫ్యాక్టరీ కథ ఉందిగా, దాంతో మనసు కుదుటపడుతుంది అనుకున్నారు. ఆగిపోయిన యంత్రం. చుట్టూ పదమూడు మంది ఇంజనీర్లు. నాలుగు గంటల చర్చ. అప్పుడు చీపురు పట్టుకుని ఒక ముసలమ్మ వస్తుంది.

"వచ్చి ఏమందో తెలుసా?" తెర మీది మాస్టారు ఊపిరి తీసుకున్నారు.

క్లాసు ఘొల్లుమంది.

ఆ తర్వాత తెర మీది మాస్టారు చెప్పారు: "'బాబులూ, కాస్త పక్కకి జరిగితే మీ వెనకాల ఊడిన ప్లగ్గు పెట్టేస్తాను' అంది."

మాస్టారు వీడియో ఆపారు. వెనక్కి తిప్పారు. మళ్లీ చూశారు. అనుమానం లేదు. జోకు ఇంకా నోట్లోనే ఉంది. నవ్వు ముందొచ్చేసింది.

మిగతా రెండు వీడియోలూ పెట్టారు. మూడింట్లో కలిపి ఐదు జోకులు. ఐదింటికీ నవ్వే ముందు.

భార్య భుజం మీంచి తొంగిచూసింది. "మాటా బొమ్మా ముందువెనకలయ్యాయేమో."

"లేదు. పెదాలు సరిగ్గానే కలుస్తున్నాయి."

"మరి?"

మరదలికి ఫోన్ చేశారు. ఆమె ఎవరికో "క్లచ్, క్లచ్!" అని అరుస్తూనే విషయమంతా విని, ఒక్క ముక్కలో తేల్చింది. "బావా, వాళ్లకి రోడ్డు ముందే తెలుసు."

ఐదో వారం వచ్చింది. సోమవారం రెండో సెక్షన్‌కి అదే సబ్బు పాఠం. నలభై ఆరు మంది. అందరూ ఎక్కడో ఒకచోట కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లే. మాస్టారు మామూలుగా మొదలుపెట్టి, యంత్రాన్ని ఆపి, పదమూడు మంది ఇంజనీర్లను నిలబెట్టి, ముసలమ్మ చేతికి చీపురిచ్చారు.

"వచ్చి ఏమందో తెలుసా?"

అని, నోరు మూసేసుకున్నారు.

క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక బెంచీలో ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. మాస్టారు నోరు తెరవలేదు. నవ్వు ఒక్కో వరసలో కుళాయి కట్టేసినట్టు ఆగుతూ వచ్చి, చివరికి ఏసీ చప్పుడు మాత్రం మిగిలింది.

"ఏమందో నేనింకా చెప్పలేదు," అన్నారు మాస్టారు.

నలభై ఆరు మందీ తేలుకుట్టిన దొంగల్లా కూర్చున్నారు.

"ఎందుకు నవ్వారు?"

ఈసారి ఆగారు. పద్ధతి ప్రకారం కాదు, కోపంతో. చాలాసేపటికి మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. క్లాసులో అంతా ఆమెను నర్సమ్మ అంటారు. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో పనిచేసింది.

"ఫైల్లో ఉంది సార్," అంది.

"ఏ ఫైల్లో?"

"సీనియర్లు ఇచ్చింది సార్. వాళ్లకి వాళ్ల సీనియర్లు."

ఫైలు మాస్టారి ఫోనుకి చేరింది. పదకొండు పేజీలు. స్టాఫ్ రూములో మూల కుర్చీలో కూర్చుని చదివారు. తన కోర్సు మొత్తం నిమిషాలతో సహా ఉంది. 'పద్దెనిమిదో నిమిషం: ముసలమ్మ. నవ్వాలి. ముప్ఫై ఒకటో నిమిషం: మేనేజరైతే ఏం చేస్తారని అడుగుతారు. చెయ్యెత్తనక్కర్లేదు, ఆయనే చెప్పేస్తారు. జవాబు: లైన్ ఆపాలి. నలభై: మార్కర్ రాయదు. విసిరేస్తారు. ముందు వరస తల వంచుకోవాలి.'

ఆఖరి పేజీలో అడుగున, వేరే ఎవరో చేర్చిన ఒక వాక్యం ఉంది. 'మనిషి చాలా మంచివాడు. నవ్వడం మరిచిపోవద్దు.'

తిట్టి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

సాయంత్రం నర్సమ్మ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆయన గదికి వచ్చింది. మాస్టారు తిట్టడానికి సిద్ధమై ఉన్నారు కానీ, ఆమె తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"సార్, గురువారం మిమ్మల్ని చూడ్డానికి ఎవరో వస్తున్నారట. ఆయన ఒప్పుకోకపోతే కోర్సు మీ చేతిలోంచి పోతుందట."

"ఎవరు చెప్పారు?"

"కాలేజీ అంతా తెలుసు సార్. మీరు సబ్బు పాఠమే చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం. ఎనిమిది మంది చెయ్యెత్తుతారు. అందులో ఇద్దరు తప్పు చెబుతారు, అప్పుడు సహజంగా ఉంటుంది. నవ్వు కూడా మీరు చెప్పిన తర్వాతే నవ్వుతాం."

"రిహార్సల్ చేశాం సార్," అన్నాడు పక్కనున్న పొడుగాయన, వినయంగా.

"రిహార్సలా!"

"రెండుసార్లు."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతా సిద్ధం, ఊఁ అనడమే తరువాయి. ఒప్పుకుంటే కోర్సు దక్కినట్టే. పరిశీలకుడు ముక్కున వేలేసుకుని వెళ్లిపోతాడు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పమ్మా," అన్నారు. "పోయిన పరీక్షలో నీకెంత?"

"తొంభై నాలుగు సార్."

"నీ ఆసుపత్రిలో ఎప్పుడైనా అక్కరకొచ్చిందా నా పాఠం?"

నర్సమ్మ తలుపు వైపు చూసింది. మాస్టారు తొందరపెట్టలేదు.

"పోయిన నెల మా వార్డు పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది సార్. ఎమర్జెన్సీలో పడకలు ఖాళీ కావడం లేదు, జనం వరండాలో పడుకుంటున్నారు, నువ్వు అదే చదువుతున్నావు కదా ఏదైనా ఉపాయం చెప్పు అంది. లైన్ ఆపమని చెప్పలేను కదా సార్. ఏమీ తోచలేదు. తర్వాత చేస్తానని పెట్టేశాను. మళ్లీ చెయ్యలేదు."

మాస్టారు బల్ల మీది సబ్బు పాఠం కాగితాలు సొరుగులో పడేశారు.

"రిహార్సల్ ఆపేయండి," అన్నారు మాస్టారు. "సబ్బు పాఠం ఇంక లేదు."

"మరి గురువారం?"

"నాకేం తెలుసు?"

నిజంగానే తెలియదు. మంగళవారం ఒక కేసు, అంటే ఏదో కంపెనీకి వచ్చిన చిక్కు కథ, తీశారు, బుధవారం రెండు. ఏది తీసినా సగం చదివేసరికి జవాబు తట్టేసేది. జవాబు తెలిస్తే ఒకటింబావు సెకనులో చెప్పేస్తాడు, తన సంగతి తనకి తెలుసు. గురువారం పదింటికి ఏడో అంతస్తులోని క్లాసులోకి ఉత్త చేతులతో అడుగుపెట్టారు. ఏ కేసూ లేకుండా క్లాసుకి రావడం ఈ ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

క్లాసులో సగం మందే ఉన్నారు. మిగతావాళ్లు ఇద్దరూ ముగ్గురూగా వస్తున్నారు. పరిశీలకుడి జాడ లేదు. పదీ పదకొండుకి తలుపు తెరుచుకుని, స్వెటరు వేసుకున్న ఒక బట్టతలాయన ఎగశ్వాసతో లోపలికొచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"క్షమించాలి. లిఫ్టు కోసం నిలబడి నిలబడి... చివరికి మెట్లెక్కాను."

"పదకొండు నిమిషాలే కదండీ, మీరు అదృష్టవంతులు," అన్నారెవరో వెనక నుంచి. "నిన్న నాకు పద్నాలుగు."

పరిశీలకుడు ఒక కుర్చీని బోర్డు పక్కకి లాక్కుని, మాస్టారికి వీపు పెట్టి, విద్యార్థుల వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీరు నన్ను చూడరా?"

"మిమ్మల్ని చూసి నాకేం లాభమండీ? నేర్చుకోవాల్సింది వాళ్లు కదా." ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. "కానివ్వండి."

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. రాశారు: 'లిఫ్టు. పదకొండు నిమిషాలు. ఎందుకు?'

"ఇది ఫైల్లో లేదే," అని ఎవరో పక్కవాళ్లతో గుసగుసలాడారు.

నిజానికి మాస్టారు రాస్తుండగానే జవాబు తయారైపోయింది. అన్ని క్లాసులూ గంట కొట్టగానే ఒకేసారి వదులుతారు. పది నిమిషాలు అటూ ఇటూ చేస్తే సరి. టైంటేబుల్ మార్చాలి. అంతే. మాట నాలుక చివరికి వచ్చేసింది. ఆయన గబుక్కున మార్కర్ మూత పీకి పళ్ల మధ్య పెట్టుకున్నారు.

మూడు సెకన్లు. ఐదు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడు. మరదలు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఎలా కూర్చుంటుందో! తొమ్మిది.

చెయ్యి లేచింది. పొడుగాయన. "రెండు లిఫ్టులు చాలవు సార్. మూడోది పెట్టాలి."

మాస్టారు మూత తీశారు. "చాలవని ఎలా తెలుసు?"

"రద్దీగా ఉంటుంది కదా సార్."

"ఎంత రద్దీ?"

పొడుగాయన చెయ్యి దించేశాడు. అతని వెనకాల ఇంకొకామె లేచింది. "లిఫ్టులు కాదు సార్, టైంటేబుల్. అందరినీ ఒకేసారి వదులుతారు."

అదీ! మాస్టారి మనసు ఎగిరి గంతేసింది. 'అద్గదీ' అందామని నోరు తెరిచి, మళ్లీ మూత పెట్టేసుకున్నారు.

"అది కాదు," అంది నర్సమ్మ.

అందరూ అటు తిరిగారు.

"నిన్న మూడింటికి పావు తక్కువ. క్లాసులు జరుగుతున్నాయి. ఈ అంతస్తులో నేనొక్కదాన్నే నిలబడ్డాను. అయినా ఆరు నిమిషాలు పట్టింది. ఒకేసారి వదలడమే కారణమైతే అప్పుడెందుకు పట్టాలి?"

మాస్టారి నోట్లోంచి మూత జారి కింద పడింది. తన జవాబు తప్పు. ఒకటింబావు సెకనులో చెప్పేసి ఉంటే, నలభై ఆరు మంది దాన్ని రాసుకుని, కింద గీత గీసి, ఫైల్లో ఎక్కించి ఉండేవాళ్లు. ఆయన వంగి మూత తీసుకున్నారు.

"అయితే ఎందుకంటావు?"

"తెలీదు సార్. వార్డులో అయితే ముందు ఒకచోట నిలబడి లెక్కపెడతాం. ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు, ఎక్కడ ఆగారు."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

నర్సమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదని తెలిసి లేచింది. ఆమె వెంట పొడుగాయన, ఆ వెంట క్లాసంతా. అంతస్తుకి నలుగురు, లిఫ్టుకి ఐదుగురు అని తలుపు దగ్గరే పంచుకుని, ఫోన్లు చేతుల్లో పట్టుకుని, బిలబిలా బయటికి పోయారు.

నలభై ఆరు ఖాళీ కుర్చీలు. వాటి ఎదురుగా పరిశీలకుడు. అతని వెనకాల మాస్టారు.

పరిశీలకుడు కాసేపు కుర్చీలనే చూసి, ఫారం అటూ ఇటూ తిప్పాడు. "దీనికి ఇందులో గడి లేదండీ."

"బయట ఉన్నారు. వెళ్లి చూద్దామా?"

చూశారు. వరండాల్లో, మెట్ల మీద, లిఫ్టుల్లో తిరిగారు. కంపెనీల్లో పది మంది మీద పెత్తనం చేసి వచ్చినవాళ్లు గోడకి ఆనుకుని కాగితాల మీద గీతలు గీస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు, మళ్లీ గీస్తున్నారు. పరిశీలకుడు ఫారం మీద చకచకా రాశాడు. గంట అవడానికి ఆరు నిమిషాలుందనగా రాయడం ఆపాడు.

"అన్నీ బాగున్నాయి. ఒక్క గడి మిగిలింది. 'ముగింపు'. ఇవాళ ఏం నేర్చుకున్నారో విద్యార్థులు తేల్చుకోవాలి. ఆ గడి ఖాళీగా ఉంటే సర్టిఫికెట్ ఇవ్వడానికి లేదు. అందరినీ పిలిచి జవాబు చెప్పేయండి. టిక్కు పెట్టేస్తాను."

రేపు శుక్రవారం. సాయంత్రంతో గడువు ఆఖరు. మాస్టారు లిఫ్టు తలుపు వైపు చూశారు. అది తెరుచుకుంది, లోపల నర్సమ్మ ఏదో గీసుకుంది, ఎవరూ ఎక్కలేదు, దిగలేదు, మూసుకుంది.

"జవాబు నాకు తెలీదండీ," అన్నారు.

"తెలీదా?"

"అరగంట క్రితం దాకా తెలుసు. ఆ అమ్మాయి చెడగొట్టింది."

పరిశీలకుడు మొదటిసారి ఆయన వైపు పూర్తిగా తిరిగాడు. "ఏదో ఒకటి చెప్పేస్తే సరిపోతుంది కదండీ. నేనేమైనా లిఫ్టు మెకానిక్కునా, తప్పని పట్టుకోవడానికి?"

"నిజమే. కానీ వాళ్లు రాసుకుంటారు."

పరిశీలకుడు బుర్ర గోక్కున్నాడు. "రేపు వీళ్లకి క్లాసుందా?"

"పదింటికి."

"అయితే నేను చూసింది సగం పాఠం. సగం చూసి సంతకం పెట్టను. రేపొస్తాను."

"రేపటికీ తేలకపోతే?"

"గడి ఖాళీగానే ఉంటుందండీ," అన్నాడాయన, మెట్ల వైపు నడుస్తూ.

శుక్రవారం పదింటికల్లా క్లాసు నిండిపోయింది. బోర్డు దగ్గర మాస్టారికి చోటే లేదు. పొడుగాయన, నర్సమ్మ దాన్ని అంకెలతో నింపేశారు. నిన్న క్లాసయ్యాక కూడా నిలబడి లెక్కపెట్టిన మూడు గంటల్లో రెండు లిఫ్టులూ కలిసి రెండు వందల పద్నాలుగు సార్లు ఆగాయి. అందులో నూట ముప్ఫై ఒక్కసారి ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు.

"మరి ఎందుకాగింది?" అన్నారు మాస్టారు. ఈసారి మూత అక్కర్లేకపోయింది.

"రెండు బొత్తాలూ నొక్కుతున్నారు సార్," అంది నర్సమ్మ. "కిందికి పోవాల్సినవాళ్లు పైకి పోయేది కూడా నొక్కుతున్నారు. ఏదో ఒకటి త్వరగా వస్తుందని. పైకి పోయే లిఫ్టు వాళ్ల కోసం ఆగుతుంది. వాళ్లు తొంగిచూసి 'అయ్యో, పైకా' అని వెనక్కి జరుగుతారు. ప్రతి అంతస్తులో ఇదే తంతు. నిజం చెప్పాలంటే నేనూ నొక్కుతాను సార్."

"నేనూ," అన్నాడు పొడుగాయన.

"మా ఆఫీసులో నేనూ అంతేనండీ," అన్నాడు మూల నుంచి పరిశీలకుడు. అని, మాట్లాడకూడదన్న సంగతి గుర్తొచ్చి ఫారంలో తల దూర్చేశాడు.

క్లాసు నవ్వింది. ఆ నవ్వు ఏ ఫైల్లోనూ లేదు.

పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వాళ్లు ప్రతి అంతస్తులో నిలబడి, ఒక్కో మనిషినీ బతిమాలి, ఒక్క బొత్తామే నొక్కించారట. ఎదురుచూపు నాలుగు నిమిషాలకి దిగింది. మూడో లిఫ్టు లేదు, టైంటేబుల్ మార్పు లేదు.

"నిన్న నేనేమనుకున్నానో చెప్పనా?" అన్నారు మాస్టారు. "టైంటేబుల్ అనుకున్నాను. పందెం కాసేవాణ్ణి."

"మరి నిన్న చెప్పలేదేం సార్?"

"నోట్లో మూత ఉంది. సరే, నాది ఎందుకు తప్పింది? మీరు ఎక్కడ తప్పించుకున్నారు?"

దాని మీద పావుగంట గొడవపడ్డారు. చివర్లో నర్సమ్మ నెమ్మదిగా అంది: "మా సిస్టర్‌కి ఇవాళ ఫోన్ చేస్తాను సార్. పడకలు ఎందుకు ఖాళీ కావడం లేదో నాకిప్పటికీ తెలీదు. కానీ ఎక్కడ నిలబడి ఏం లెక్కపెట్టమనాలో తెలుసు."

మూలలో పెన్ను ఒకసారి గీసిన చప్పుడైంది.

సాయంత్రం నాలుగున్నరకి డీన్ ఫోన్ చేసింది. కాగితం చేరింది, కోర్సు ఆయనదే. చిన్నసారు కూడా వరండాలో ఎదురై చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "బతికించారు మాస్టారూ, ఆ ఫైలు పట్టుకుని మీలా నటించలేక చచ్చేవాణ్ణి," అన్నాడు. అంటే ఆ ఫైలు అతనికీ తెలుసన్నమాట! మాస్టారు ఈసారి మాత్రం అతన్ని క్షమించేశారు.

ఆదివారం మధ్యాహ్నం భార్యా మరదలూ సినిమాకి తయారై హాల్లోకి వచ్చేసరికి, మాస్టారు లుంగీతో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎదురుగా తెల్లకాగితం. దాని మీద ఏమీ లేదు.

"ఇంకా లేవలేదా? మూడు టికెట్లు తీశాను," అంది భార్య.

"మీరు వెళ్లండి. రేపటి పాఠం లేదు."

"లేకపోవడమేమిటి? ఇరవై రెండేళ్లుగా ఉన్నదేగా!"

"అదంతా ఫైల్లో ఉంది. లిఫ్టు పాఠం కూడా ఈపాటికి ఎక్కించేసి ఉంటారు."

"సర్టిఫికెట్ వస్తే ఇంక హాయి అనుకున్నాను," అంది భార్య చెప్పులు వేసుకుంటూ. "వచ్చాకే ఆదివారం పోయింది."

"పోనీలే అక్కా," అంది మరదలు. "మూడో సీట్లో హ్యాండ్‌బ్యాగులు పెట్టుకుందాం. అవైతే సినిమా మధ్యలో లాజిక్కులు అడగవు."

తలుపు మూసుకుంది. మాస్టారు కాగితం మీద ఒక గీత గీసి, కొట్టేసి, ఇంకో పది నిమిషాలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి ప్యాంటు వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని బయటికొచ్చారు. వీధి చివర పెట్రోలు బంకులో ఆరు పంపులున్నాయి. కార్లన్నీ ఎప్పుడు చూసినా రెండింటి దగ్గరే బారులు తీరి ఉంటాయి. ఎందుకో ఆయనకి తెలియదు.